హెడ్ విప్పనివ్వకు అమ్మలూ, ముందు ఊక కడిగించు

అమ్మలూ,

మన లారీ ఘాట్ ఎక్కేటప్పుడు హీటెక్కుతోందని, నీళ్లు తగ్గుతున్నాయని, మెకానిక్ హెడ్ విప్పాలంటున్నాడని చెప్పి, అతను వచ్చాడని ఫోన్ పెట్టేశావు కదా, చెప్పాల్సింది సగం నాలోనే ఉండిపోయింది. మోకాలి ఆపరేషన్ అయి మీ అన్న దగ్గర మంచం మీద ఉన్నాను కాబట్టి బండి దగ్గరకు రాలేను, అందుకే వివరంగా రాస్తున్నాను. ఒకసారి ఇంట్లో కూర్చుని చదువు, తర్వాత బండి దగ్గర డ్రైవర్ మస్తాన్ బాబాయ్‌ని పక్కన పెట్టుకుని ఇంకోసారి చదువు.

హెడ్, అంటే ఇంజిన్ మీద మూతలా ఉండే భాగం, మాత్రం ఇప్పుడే విప్పనివ్వకు. విప్పారంటే ప్యాకింగు (హెడ్‌కూ ఇంజిన్‌కూ మధ్య బిగించే గ్యాస్కెట్) సెట్టు, హెడ్‌ను చదును చేసే ఫేసింగు, వాల్వుల పని, లేబరు, వీటన్నిటికీ తోడు బండి షెడ్డులో పడుకున్నన్నాళ్లూ కిరాయి పోవడం. అంత ఖర్చు పెట్టాక జబ్బు ఇంజిన్ నీళ్లను చల్లార్చే రేడియేటర్‌లోనే ఉందని తేలితే మళ్లీ నల్లమల ఎక్కేటప్పుడు వేడి చూపే గేజీ ముల్లు ఎర్రగీత మీదకే పోతుంది. ఆ మెకానిక్ చెడ్డవాడని కాదు. పాత బండి, హీట్ అవుతోంది, నీళ్లు తగ్గుతున్నాయి అనగానే చాలామందికి ప్యాకింగే గుర్తొస్తుంది.

నువ్వు చెప్పిన మాటల్లోనే సగం జవాబు ఉంది. పోయేటప్పుడు ఊక లోడుతో ఏ ఇబ్బందీ లేదు. బేతంచెర్లలో నాపరాళ్లు ఎత్తుకుని వచ్చేటప్పుడు గాజులపల్లి దాటి ఎత్తు మొదలయ్యాకే ముల్లు లేస్తోంది. దిగువమెట్ట వైపు దిగేసరికి దానంతట అదే తగ్గుతోంది, ఆ తర్వాత కంభం మీదుగా వినుకొండ దాకా మామూలుగానే ఉంటోంది. అంటే ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు పుట్టే వేడిని బయటికి పంపే శక్తి బండికి చాలడం లేదన్నమాట. గాలి సరిగా తగలకపోయినా, నీళ్లు సరిగా తిరగకపోయినా ఇలాగే ఉంటుంది. అదే నిలబెట్టి ఐడిల్లో ఉంచినప్పుడు, ఊళ్లో ట్రాఫిక్‌లో హీటెక్కి, హైవే మీద వేగం అందుకోగానే తగ్గితే ముందు ఫ్యాన్‌ని అనుమానించాలి. ఉన్నట్టుండి ముల్లు ఒక్కసారిగా ఎగిరితే బెల్టు తెగిందనో హోస్ పైపు పగిలిందనో అనుకోవాలి. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసిన కాసేపటికే లేస్తే నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండాలి, లేదా ప్యాకింగు పోయి ఉండాలి. కాబట్టి పానా పట్టుకునే ముందు మస్తాన్ బాబాయ్‌ని కూర్చోబెట్టి ఎప్పుడు, ఏ గేరులో, ఎంత లోడుతో, ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అన్నీ అడిగి రాసుకో. ఆయన మొహమాటస్తుడు, అడిగితే తప్ప చెప్పడు.

ఒక్క విషయంలో మాత్రం ఎవరి మాటా వినకు. వేడి మీద రేడియేటర్ క్యాప్ తీయకూడదు, తీయనివ్వకూడదు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నూరు డిగ్రీలు దాటినా నీళ్లు మరగకుండా ఆగి ఉంటాయి, క్యాప్ వదులు కాగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకు కొడతాయి. గోనెపట్టా వేసి తీస్తాను, నాకు అలవాటే అంటారు. వద్దు. రేడియేటర్ పై గొట్టాన్ని, అదే పై హోస్‌ను, చేత్తో నొక్కితే మెత్తగా ఉండి, చెయ్యి పెట్టుకోగలిగేంత చల్లబడ్డాకే తీయండి.

తర్వాత ఆ ముల్లు చెప్పేది నిజమో కాదో తేల్చుకోవాలి. మనది మెకానికల్ డీజిల్ పంపు బండి, స్కానర్ పెట్టి చూడటానికి అందులో కంప్యూటర్ లేదు. గేజీ పాతది, ఇంజిన్ నుంచి దానికి వేడి కబురు పంపే సెండర్ ఇంకా పాతది, ఎర్త్ వైరు వదులైనా ముల్లు అబద్ధం చెబుతుంది. ఒక హీట్ గన్ కొను, ఎర్ర చుక్క వేసి దూరం నుంచి వేడి కొలిచేది, వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. కరోనా టైములో నుదుటి దగ్గర పెట్టి చూసింది పనికిరాదు, అది ఒంటి వేడి వరకే చూపిస్తుంది. ఇంకో మాట, మెరిసే ఇత్తడి మీద, అల్యూమినియం మీద పెడితే తక్కువ చూపిస్తుంది, నల్ల రబ్బరు మీదో పెయింటు వేసిన ఇనుము మీదో పెట్టి చూడాలి. థర్మోస్టాట్ హౌసింగ్ పక్కన, పై హోస్ మీద, కింది హోస్ మీద కొలిపించు. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే భయం లేదు. 105 దాటితే బండి పక్కకు తీసి ఆపాల్సిందే. ముల్లు ఎర్రగీత మీద ఉండగా గన్ 88 చూపిస్తే సెండర్ మార్చి పని చూసుకోండి, అంతకు మించి ఖర్చు లేదు.

పై హోస్, కింది హోస్ మధ్య తేడా కూడా చూడు. ఇంజిన్ బాగా వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకున్నాక పైది మండిపోతూ కిందిది దాదాపు చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు. రెండూ ఒకేలా మండుతుంటే నీళ్లు తిరుగుతున్నాయి కానీ గాలి వాటిని చల్లార్చడం లేదు.

నా అనుమానమంతా గాలి మీదే, ఎందుకో చెబుతాను. ఆ బండి ఇన్నాళ్లుగా మిల్లుల నుంచి ఊక తోలుతోంది. ఊక బరువుండదు కాబట్టి అది ఉన్నప్పుడు ఇంజిన్‌కు కష్టం తెలియదు. కానీ మిల్లు ఆవరణలో లోడు ఎత్తేంతసేపూ గాల్లో లేచే పొట్టంతా రేడియేటర్ పీల్చుకుంటుంది. తిరుగు ప్రయాణంలో రాళ్ల బరువు పడ్డప్పుడు ఆ పాపం బయటపడుతుంది. ముందు గ్రిల్లులోంచి చూస్తే ఏమీ కనపడదు, శుభ్రంగానే ఉందంటారు. మనది టర్బో బండి, ముందు టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఉంటుంది, దాని వెనక రేడియేటర్, ఆ రెంటి మధ్య సందులో చేరుతుంది అసలు చెత్త. టార్చి వేసి పక్క నుంచి ఆ సందులోకి చూడండి. ఎక్కడైనా సీలు కారి ఆయిల్ తుంపర పడుతుంటే ఊక పొట్టు, దుమ్ము, పురుగుల రెక్కలు అన్నీ ఆ జిడ్డుకు అతుక్కుని ఫిన్నుల, అంటే రేడియేటర్ సన్నటి రేకుల, మధ్య నల్లగా దట్టంగా గట్టిపడి ఉంటాయి, పుల్లతో గీకితే పెళ్లలుగా ఊడతాయి. రేడియేటర్ వెనక రాత్రిపూట బల్బు పట్టుకుని ముందు నుంచి చూస్తే ఎంత మేర వెలుతురు వస్తోందో అంత మేరే గాలి పోతోందని లెక్క.

కడిగించడానికి సర్వీసింగు సెంటరుకు తీసుకెళితే వాళ్లు ముందు నుంచి ప్రెషర్ గన్ పెట్టి కొడతారు. అలా చేస్తే చెత్త ఇంకా లోపలికి పోతుంది, ఫిన్నులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఇంటర్‌కూలర్ బోల్టులు విప్పి ముందుకు జరిపించి, సబ్బు నీళ్లు చల్లి నాననిచ్చి, ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపు ధారతో కడిగించు. గాలి వచ్చిన దారిలోనే చెత్త వెనక్కి పోవాలి. తీరిగ్గా చేయాలి, నీళ్లు తేటగా వచ్చేదాకా చేయాలి. దగ్గరుండి చేయించు తల్లీ, లేకపోతే ఐదు నిమిషాల్లో అయిపోయిందంటారు. గ్రిల్లుకు కట్టిన రబ్బరు మ్యాటు, పేరు బోర్డు కూడా తీయించు. అందానికి ఇంకో చోట పెట్టుకోవచ్చు.

అదే సమయంలో ఫ్యాన్ చుట్టూ రేకు డబ్బా, అదే ష్రౌడ్, ఉందో లేదో చూడు. పాత బండ్లలో ఏదో రిపేరుకు అడ్డం వచ్చిందని తీసి మళ్లీ బిగించరు. అది లేకపోతే ఫ్యాన్ రేడియేటర్ లోంచి గాలి పీల్చాల్సింది పోయి పక్కల నుంచి ఇంజిన్ వేడి గాలినే తిప్పుకుంటుంది. ఫ్యాన్ రెక్క విరిగినా, ఎవరైనా తిరగేసి బిగించినా అంతే. బెల్టు సంగతి సులువు, ఇంజిన్ ఆపి మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే వదులుగా ఉన్నా, లోపలి అంచులు నున్నగా అద్దంలా మెరుస్తున్నా లోడు మీద జారుతుంది. మన బండికి ఆ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది కాబట్టి అది జారితే గాలీ తగ్గుతుంది, నీళ్లూ తగ్గుతాయి.

ఇక నీళ్లు. తగ్గుతున్నాయన్నావు, ఎంత తగ్గుతున్నాయి? అంచు దాకా నింపి బయలుదేరితే వేడికి వ్యాకోచించి ఓవర్‌ఫ్లో పైపులోంచి కాస్త కారిపోవడం మామూలే, మస్తాన్ బాబాయ్ పొద్దున్నే మళ్లీ అంచు దాకా నింపుతాడు, నీళ్లు తాగుతోంది అంటాడు. ఒకచోట గుర్తు పెట్టి రెండు మూడు రోజులు నింపకుండా చూడండి. నిజంగానే తగ్గుతుంటే వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి గానీ కారి ఎండిన మరక గానీ ఉంటే లోపల సీలు పోయినట్టే. ఆ రంధ్రం కారుతోందని ఎం-సీల్ పెట్టి మూసేవాళ్లున్నారు, అలా మూస్తే నీళ్లు బేరింగులోకి పోయి పంపు మొత్తం పోతుంది.

క్యాప్ చిన్న వస్తువే గానీ పాత బండిలో మొదట మార్చాల్సింది అదే. స్ప్రింగు మెత్తబడితే, రబ్బరు ఎండితే లోపల ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే నూరు దగ్గరే మరుగు మొదలవుతుంది. బండి పూర్తిగా చల్లారాక పై హోస్ లోపలికి చప్పిడిగా పీల్చుకుపోయి ఉంటే క్యాప్‌లో గాలిని లోపలికి వదిలే చిన్న వాల్వు పట్టేసింది. పాతదాని మీద ఎంత ఒత్తిడి అంకె రాసి ఉందో అదే అంకె కొత్తదాని మీదా ఉండాలి. కింది హోస్‌ను మాత్రం నడుస్తున్నప్పుడు చూడాలి. బాబాయ్ యాక్సిలరేటర్ తొక్కుతుంటే నువ్వు ఫ్యాన్‌కు దూరంగా, చున్నీ బిగించి కట్టుకుని నిలబడి చూడు, పంపు పీల్పుకు ఆ హోస్ నొక్కుకుపోతుంటే అదే ఘాట్‌లో నీళ్లను ఆపుతోంది. లోపల స్ప్రింగు ఉండే హోస్ వేయించు.

థర్మోస్టాట్ ఉందా అని అడుగు. మన ఎండలకు అది అక్కర్లేదు, తీసి పారేశాం అంటే వెంటనే కొత్తది వేయించు. ఈ ఒక్క అలవాటు వల్ల ఎన్ని ఇంజిన్లు పాడయ్యాయో నేను చూశాను. మనలాంటి ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు రెండో వైపు బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే తిరిగి ఇంజిన్‌లోకి పోతుంది. పైగా ఖాళీ బండిలో ఇంజిన్ సరిగా వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఉన్నది పనిచేస్తోందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి స్టవ్ మీద పెట్టు, వంటింటి థర్మామీటర్ ఒకటి అందులో ఉంచు. దాని మీద 82 అని కొట్టి ఉంటే ఆ చుట్టుపక్కల కదలడం మొదలుపెట్టి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. మరిగినా కదలకపోయినా, సగంలోనే ఆగినా పారెయ్. మీ అమ్మ వాడే గిన్నె మాత్రం తీసుకోకు.

ఇవన్నీ చేశాక కూడా ఘాట్‌లో ఎక్కితే అప్పుడు రేడియేటర్ లోపల చూడాలి. దారిలో డాబాల దగ్గర, పెట్రోలు బంకుల్లో బోరు నీళ్లు పడతారు. మార్కాపురం, కంభం వైపు బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గారకట్టేది చూశావు కదా, ఇంజిన్ లోపలా రేడియేటర్ గొట్టాల్లోనూ అదే పేరుకుంటుంది. గన్ పట్టుకుని రేడియేటర్ మొహమంతా పై నుంచి కిందికి, ఆ మూల నుంచి ఈ మూలకు కొలిపించు. మధ్యలో ఒక్కచోట చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకుపోయాయి. మనది రాగి, ఇత్తడి రేడియేటర్, పై ట్యాంకు విప్పి గొట్టాల్లో సన్నటి రాడ్లు తోలి శుభ్రం చేసి మళ్లీ అతుకు పెట్టొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో ఆ పనే చేసేవాళ్లున్నారు, తెలిసినవాడి దగ్గరకే పంపుతాను, అడ్రసు ఫోన్లో చెబుతాను. వాసన చూసి యాసిడ్ పోస్తున్నారనిపిస్తే ఒప్పుకోకు, పాత అతుకులు తినేస్తుంది.

తర్వాత ఇక మామూలు నీళ్లు వద్దు. కూలెంటు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సగం సగం. లీటరు ధర చూసి బాబాయ్ అబ్బో అంటాడు, కానీ అందులో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుంది, మరుగు కూడా మామూలు నీళ్ల కంటే పైన ఉంటుంది. పోసేటప్పుడు సన్నగా, ఆగి ఆగి పోయాలి, పైన గాలి వదిలే స్క్రూ ఉంటే అది వదులు చేసి పోయాలి. గబగబా పోస్తే లోపల గాలి చిక్కుకుని, నిండినట్టు కనపడి, హెడ్ దగ్గర నీళ్లు లేక అక్కడే కాలుతుంది. క్యాప్ తీసి ఉంచే ఇంజిన్ నడిపి, బుడగలు ఆగి మట్టం దిగాక మళ్లీ నింపి మూయండి.

ఇప్పుడు ప్యాకింగు. అది పోలేదని నేను ప్రమాణం చేయను, చిన్న లీకైతే లోడు మీదే బయటపడుతుంది. కానీ దాన్ని విప్పకుండానే పట్టుకోవచ్చు. పొద్దున్నే చల్లటి ఇంజిన్, క్యాప్ తీసి అంచు దాకా నీళ్లు, బెల్టు విప్పేయాలి, ఎందుకంటే పంపు తిరిగితే నీళ్లు సుళ్లు తిరిగి బుడగలు ఏవో సుడులేవో తెలియవు. స్టార్ట్ చేసి ఒక్క నిమిషం, అంతకు మించకుండా, రెండు మూడు సార్లు యాక్సిలరేటర్ ఇవ్వండి. వరసగా బుడగలు వస్తూనే ఉంటే సిలిండర్‌లో గ్యాసు నీళ్లలోకి వస్తోంది. బెల్టు మళ్లీ వేసి క్యాప్ మూసి స్టార్ట్ చేస్తే, ఇంకా వేడెక్కకముందే పై హోస్ రాయిలా గట్టిపడినా అదే అర్థం. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌కు, ఆయిల్ మూత లోపల పాలమీగడ రంగు నురగ ఉందా, పొగ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తోందా అవి కూడా చూడు. కొన్ని షెడ్లలో రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలం మందు ఉంటుంది, గ్యాసు తగిలితే రంగు మారుతుంది, అది చేయించినా మంచిదే. ఇవి తేల్చితే హెడ్ విప్పమను, నేను అడ్డు చెప్పను. హెడ్ విప్పాక మాత్రం వంపు కొలవకుండా కొత్త ప్యాకింగు వేయనివ్వకు.

బండి నడిపే తీరు కూడా ఉంది, ఇది బాబాయ్‌తో నువ్వే నెమ్మదిగా చెప్పాలి, ఆయన నా కంటే నీ మాటే వింటాడు. డీజిల్ మిగులుతుందని ఎత్తులో కూడా పెద్ద గేరులోనే ఈడుస్తాడు. అప్పుడు ఇంజిన్ మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతుంది, ఫ్యానూ పంపూ దానితోపాటే నెమ్మదిగా తిరుగుతాయి, వేడి మాత్రం పూర్తిగా పుడుతుంది. ఒక గేరు ముందే తగ్గించి ఇంజిన్ తేలిగ్గా తిరిగేలా ఎక్కమను. అలాగే ఘాట్ ఎక్కి ఆగినప్పుడు గన్‌తో అన్ని చక్రాల బ్రేకు డ్రమ్ములూ కొలవమను, ఒకటి మిగతావాటి కంటే బాగా మండుతుంటే బ్రేకు పట్టేసి ఉంది, ఇంజిన్ దాన్ని కూడా లాగుతోంది. ఎయిర్ ఫిల్టర్ ఊకతో నిండినా, డీజిల్ పంపు టైమింగు వెనకబడినా వేడి పెరుగుతుంది. ఇంకా లోడు, లారీకి రాసిన బరువు మించి ఒక్క రాయి కూడా వద్దు. ఆ నాలుగు రాళ్ల కిరాయి మనకు అక్కర్లేదు.

ముల్లు ఎర్రగీత మీదకు పోతే వెనక వచ్చేవాళ్లకు కనపడే వెడల్పాటి చోట పక్కకు తీసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, నీళ్లు కారడం లేదు, బెల్టు తెగలేదు అంటే ఇంజిన్ ఆపకుండా ఐడిల్ కంటే కాస్త ఎక్కువగా తిప్పుతూ ఉంచాలి. ఒక్కసారిగా ఆపితే లోపలి వేడి ఎక్కడికీ పోక హెడ్‌లోనే నిలుస్తుంది, టర్బోకు కూడా ఆయిల్ ఆగిపోతుంది. నీళ్లు కారిపోతున్నా, బెల్టు తెగినా మాత్రం వెంటనే ఇంజిన్ ఆపేయాలి, నీళ్లు తిరగకుండా నడిచే ప్రతి నిమిషమూ నష్టమే. మండుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరించడం ఎవరైనా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి, హెడ్ పగులుతుంది. సరుకు ఆలస్యమైతే అయింది. మస్తాన్ బాబాయ్ క్షేమంగా ఇంటికి రావడమే నాకు కావాలి, ఆ మాట నా మాటగా ఆయనకు చెప్పు.

కాబట్టి ముందు గన్ కొను, కడిగించు, క్యాపూ బెల్టూ మార్చు, థర్మోస్టాట్ చూడు, ఆ తర్వాత నాపరాళ్ల లోడుతో ఒకసారి ఘాట్ ఎక్కించి గాజులపల్లి దగ్గర ఎంత, ఎత్తు అయ్యాక ఎంత అన్నది కొలిచి నాకు పంపు. ఆ అంకెలు చూశాక రేడియేటర్ విప్పాలా వద్దా మాట్లాడుకుందాం. పాత కూలెంటు దింపేటప్పుడు షెడ్డు వెనక కాలువలో వదలనివ్వకు, అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పశువులూ తాగితే చచ్చిపోతాయి. డబ్బాలోకి పట్టి మూత బిగించి, పాత ఆయిల్ కొనేవాడికి వేరుగా చెప్పి ఇవ్వు, ఆయిల్‌లో కలపకు.

మీ నాన్న